డ్రాయర్లో టోకెన్లు, ఎన్నడూ తెరవని బ్యాకప్: అకౌంట్స్ ఆఫీసులకు ఒక బహిరంగ లేఖ

విజయవాడ నగరంలోని ట్యాక్స్ ప్రాక్టీషనర్లకు, ఆడిటర్లకు, నాలుగైదు కంప్యూటర్లతో అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్న వారందరికీ,

నమస్కారం.

మీలో చాలామందికి నా గొంతు తెలుసు. గవర్నర్‌పేట, సూర్యారావుపేట మేడల మీద ప్రింటరు మొరాయించినా, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోయినా, నెలవారీ జీఎస్టీ రిటర్ను గడువైన ఇరవయ్యో తారీఖు సాయంత్రం నెట్ పోయినా మీరు ఫోన్ చేసేది నాలాంటివాళ్లకే. ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని. ఏ ఆఫీసులో, ఏ కంప్యూటర్లో ఏముందో చాలాచోట్ల యజమాని కంటే నాకే బాగా తెలుసు. అలా తెలియడమే ఇప్పుడు నాకు టెన్షన్‌గా మారింది. విడివిడిగా చెప్పి చూశాను. "మార్చి అయిపోనీ బాబూ, చూద్దాం" అంటారు. మార్చి అయ్యాక జూలై వస్తుంది, జూలై అయ్యాక సెప్టెంబరు. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

కొంతకాలం కిందట ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను. ఎవరిదో చెప్పను. ఊహించినవాళ్లు కూడా బయటికి అనవద్దని మనవి. నాలుగు కంప్యూటర్లు, నూటనలభై దాకా పార్టీలు, అంటే లెక్కలు చేయించుకునే వ్యాపారులు. నెల పద్దెనిమిదో తారీఖు, పొద్దున్న ఎనిమిది కూడా కాలేదు, అక్కడి ఆపరేటర్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఫైళ్లన్నీ తెల్లగా అయిపోయాయి" అంది. నాకు అర్థం కాలేదు. వెళ్లి చూస్తే ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పింది. ఎక్సెల్ ఆకుపచ్చ గుర్తు లేదు, పీడీఎఫ్ ఎర్ర గుర్తు లేదు. ప్రతి ఫైలుకూ ఖాళీ తెల్లకాగితం బొమ్మ, పేరు చివర అర్థంపర్థం లేని నాలుగక్షరాల తోక. ప్రతి ఫోల్డర్లోనూ ఇంగ్లీషులో ఒకటే చీటీ. డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం, ఫలానా మెయిల్‌కు రాయండి అని. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాము.

ఆఫీసు పెద్దాయన నన్ను చూడగానే "ఫరవాలేదు, బ్యాకప్ ఉందిగా" అన్నారు. సీపీయూ వెనక టేపుతో అంటించిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అది. పైన దుమ్ము, పక్కన నీలం లైటు మిణుకుమిణుకుమంటోంది. కొన్నప్పటినుంచి ఒక్కసారి కూడా దాని కేబుల్ ఊడదీయలేదు. తెరిచాను. అందులోనూ అవే తెల్లకాగితాలు, అదే తోక. ఆయన ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ లైటు వెలుగుతున్నంత కాలం బ్యాకప్ భద్రంగా ఉన్నట్టేనని ఆయన నమ్మారు. కానీ ఎప్పుడూ తగిలించి ఉండే డిస్కు కంప్యూటర్ లెక్కలో ఇంకో డ్రైవు, అంతే. ఇంట్లోకి దూరిన దొంగకు హాల్లో బీరువా, పడగ్గదిలో బీరువా రెండూ ఒకటే.

దొంగ ఎలా దూరాడో కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ తలుపు తీసింది నేనే. 2020 లాక్‌డౌన్‌లో ఇంటినుంచి ట్యాలీ చూసుకోవాలని అడిగారు. దూరం నుంచి కంప్యూటర్ వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసి, దానికి దారి అయిన 3389 పోర్టును రూటర్లో బయటికి తెరిచి ఇచ్చాను. పాస్‌వర్డు ఆఫీసు పేరు, దాని పక్కన 123. నెల రోజులకని తెరిచింది అలాగే ఉండిపోయింది. ఆ పోర్టు తెరిచి ఉన్న కంప్యూటర్లను వెతుక్కుంటూ, పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూసే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. ఆ కంప్యూటర్ లాగ్ తెరిస్తే వారాల తరబడి తప్పు లాగిన్లు, నిమిషానికి ఇన్ని చొప్పున, వరసగా ఉన్నాయి. ఒక రాత్రి ఒకటి సరిపోయింది. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వేం కావాలని చేశావా" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా కుదిపింది. అలా నేను తెరిచి ఇచ్చిన చోట్లకల్లా వెళ్లి మూసి వచ్చాను. వేరేవాళ్లు తెరిచి ఇచ్చినవి మీ దగ్గర ఉంటే ఈ వారంలోనే మూయించండి. ఇంటినుంచి పని కావాలంటే వీపీఎన్ (బయటివాళ్లు దూరలేని తాళం వేసిన దారి) ద్వారా పెట్టించుకోండి. ఒక పూట పని, అంతకంటే పట్టదు.

వాళ్లు డబ్బు కట్టలేదు. కట్టినా తాళంచెవి వస్తుందన్న నమ్మకం లేదు. పని మానేసి వెళ్లిపోయిన ఒక కుర్రాడి దగ్గర, ఇంట్లో చేసుకోవడానికని తీసుకెళ్లిన ఐదు నెలల కిందటి కాపీ పెన్‌డ్రైవ్‌లో దొరికింది. అక్కడినుంచి మొదలుపెట్టారు. అమ్మకాల బిల్లుల వివరాలు, 2బీలు (కొనుగోళ్ల మీద వచ్చే పన్ను క్రెడిట్ పట్టికలు) జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు మళ్లీ తెప్పించారు. ఖర్చుల ఓచర్లు మాత్రం కాగితం చూసి కొట్టాల్సిందే. ఆదివారాలు కూడా కలుపుకుని ఏడు వారాలు ఇద్దరు ఆపరేటర్లు అదే పని చేశారు. స్కాన్ చేసి పెట్టుకున్న పార్ట్‌నర్‌షిప్ డీడ్లు, నోటీసులకు రాసిన జవాబులు తిరిగి రాలేదు. ఆ వేళ ఫోన్ చేసిన అమ్మాయి, తన తప్పు ఏమీ లేకపోయినా, వారం రోజులపాటు అందరి ముందూ తల దించుకుని తిరిగింది. తను ఏదో మెయిల్ నొక్కడం వల్లే ఇలా అయిందని ఎవరో అన్నారట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ కంప్యూటర్లో ఉన్నది మీ డేటా కాదు. కిరాణా కొట్టాయన ఆరేళ్ల లెక్కలు, రైసు మిల్లు భాగస్వాముల పాన్ కార్డులు, చీరల షాపు వాళ్ల బ్యాంకు వివరాలు మీ దగ్గర ఉన్నాయి. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చి వెళ్లారు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒక ఏడాది లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఆ బాధ్యత పార్టీది. కానీ ఆ పార్టీ దగ్గర కాపీ ఉందా? చాలామందికి ఉండదు. "సార్ దగ్గర ఉంటుందిలే" అనుకుంటారు. మీరేమో "సర్వర్లో ఉంది" అంటారు. ఆ సర్వర్ అనేది ఏసీ కింద బల్ల మీద ఉన్న మామూలు డెస్క్‌టాప్. మీరు చూసే పార్టీల్లో ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు ఉంటే నిబంధన ఇంకా గట్టిది. 2022 ఆగస్టులో మార్చిన కంపెనీల అకౌంట్స్ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ రోజూ తీయాలి, అది మన దేశంలో ఉన్న సర్వర్‌లో ఉండాలి. ఇది మీకు నేను చెప్పేపాటిది కాదు. రోజూ పార్టీలకు మీరే చెబుతుంటారు. మీ బల్ల మీద అది జరుగుతోందా అన్నదే నా ప్రశ్న.

బ్యాకప్ గురించి నేను కళ్లారా చూసిన ఇంకొకటి చెబుతాను. ఇది రాన్సమ్‌వేర్ కంటే ఎక్కువమందికి జరిగేది. ఒక చోట నేను కాక ఇంకెవరో మంచి పని చేసి పెట్టారు. రోజూ రాత్రి తొమ్మిదికి ట్యాలీ డేటా ఫోల్డర్ తనంతట తానే ఇంకో డిస్కులోకి కాపీ అవుతుంది. తర్వాత ట్యాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నుంచి కొత్తదైన ట్యాలీ ప్రైమ్‌కు మారారు. డేటా కొత్త ఫోల్డర్లోకి వెళ్లింది. కాపీ చేసే ప్రోగ్రాము మాత్రం పాత ఫోల్డర్‌నే నమ్మకంగా కాపీ చేస్తూ వచ్చింది. రోజూ రాత్రి తొమ్మిదికి "బ్యాకప్ పూర్తయింది" అని వచ్చేది. డేటా ఉన్న ఎస్‌ఎస్‌డీ (కొత్త రకం డిస్కు) ఒక రోజు చెప్పాపెట్టకుండా చచ్చిపోయింది. పాత హార్డ్ డిస్కులు టకటకమని శబ్దం చేసి ముందే చెప్పేవి, ఎస్‌ఎస్‌డీలు చాలాసార్లు ఆ మాత్రం కూడా చెప్పవు. బ్యాకప్ తెరిస్తే ఆఖరి ఓచరు ఏడాదిన్నర కిందటిది.

కాబట్టి బ్యాకప్ ఉందా అని నేను ఎవరినీ అడగను. చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు అని అడుగుతాను. చూడటమంటే ఫోల్డర్ తెరిచి ఫైళ్లు ఉన్నాయని తల ఊపడం కాదు. ఆ కాపీని వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లి, అక్కడ ట్యాలీలో రిస్టోర్ చేసి, ఏదైనా ఒక పార్టీ డేబుక్ (రోజువారీ పద్దు) తెరిచి, నిన్నటి ఓచరు కనిపిస్తోందా లేదా చూడాలి. డేటాకు తాళం వేసే ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డు పెట్టుకున్న కంపెనీలైతే ఆ పాస్‌వర్డు ఎవరికి గుర్తుందో కూడా ఆ పూటే తేలిపోతుంది. అది మరిచిపోతే తీసేవాళ్లు లేరు, నేనూ తీయలేను.

నా సలహా మామూలుది. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒకదాని మీద సోమవారం అని, ఇంకోదాని మీద గురువారం అని మార్కర్‌తో రాయండి. సోమవారం డిస్కు తగిలించి, కాపీ అవ్వగానే ఊడదీసి బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి. గురువారం రెండోది. ఏ సమయంలో చూసినా కనీసం ఒక డిస్కు కరెంటుకు, కంప్యూటర్‌కు, ఆ మేడకు దూరంగా ఉండాలి. విజయవాడ వాళ్లకు ఇది ఇంకా వివరించాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి, షాపుల్లోకి నీళ్లు వచ్చాయి. నేల మీద పెట్టిన సీపీయూలు బురదతో నా దగ్గరికి ఎన్ని వచ్చాయో నాకు తెలుసు. డిస్కుకు బిట్‌లాకర్ లాంటి తాళం వేయండి, దారిలో పోగొట్టుకున్నా పార్టీల వివరాలు ఎవరి చేతిలోనూ పడవు. ఆ తాళం రికవరీ కీ కాగితం మీద రాసి ఇంటి బీరువాలో పెట్టండి.

గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా అంటారు కొందరు. ఉండటం మంచిదే. కానీ సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ ఫైలు పాడైతే ఆ పాడైన ఫైలే అక్కడికీ వెళ్తుంది. పాత వెర్షన్లు మామూలుగా ముప్పై రోజులే ఉంటాయి. ఎవరైనా ఆపరేటర్ పొరపాటున తీసేసిన ఫైలు సంగతి మీకు సెప్టెంబరు ఆడిట్‌లో గానీ తెలియదు. అప్పటికి ముప్పై రోజులు ఎప్పుడో దాటిపోతాయి.

ఇక డ్రాయర్ సంగతి. ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే దాదాపు అందరూ చేస్తున్నదే. ఏ ఆఫీసుకు వెళ్లినా ఒక డ్రాయర్లో పార్టీల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (కంప్యూటర్లో సంతకం పెట్టడానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటివి) ఇరవై ముప్పై ఉంటాయి. ఒక్కో టోకెన్‌కు సెల్లో టేపు, టేపు మీద పార్టీ పేరు, దాని కింద పిన్. చాలావాటికి కంపెనీ నుంచి వచ్చిన 12345678 పిన్‌నే మార్చలేదు. డ్రాయర్‌కు తాళం ఉంటుంది, తాళంచెవి డ్రాయర్‌కే వేలాడుతుంటుంది. ఆ టోకెన్‌తో పెట్టే సంతకానికి చట్టం ముందు చేతి సంతకానికి ఉన్న విలువే ఉంది. ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ ఆ సంతకం కీ యజమాని అదుపులోనే ఉండేలా జాగ్రత్త పడమంటోంది. సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కు పుస్తకం ఎవరైనా మీ దగ్గర వదిలి వెళ్తే దాన్ని బల్ల డ్రాయర్లో పెడతారా? మీకు ఇందులో దురుద్దేశం లేదని నాకు తెలుసు. పార్టీ ప్రతిసారీ రాలేడు, గడువు దగ్గరికి వస్తుంది, పని ఆగకూడదు. కానీ రేపు మీ దగ్గర మానేసిన ఒక మనిషి దాన్ని వాడితే, డైరెక్టర్ మారినట్టు ఒక ఫారం వెళ్లిపోతే, మొదట పిలిచేది మిమ్మల్నే.

పాస్‌వర్డులది కూడా ఇదే తీరు. డెస్క్‌టాప్ మీద "పాస్‌వర్డ్స్" అనే పేరుతోనే ఒక ఎక్సెల్ షీటు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, ట్రేసెస్ (టీడీఎస్ పోర్టల్), పీఎఫ్, ఈ-వే బిల్లు, అన్నీ వరసగా. అదే ఫైలు వాట్సాప్‌లో ఆపరేటర్లందరికీ వెళ్లి ఉంటుంది. మానేసిన వాళ్ల ఫోన్లలో ఇప్పటికీ ఉంటుంది. కీపాస్ లాంటి ఉచిత ప్రోగ్రాము ఒకటి చాలు, ఒక్క పెద్ద పాస్‌వర్డు గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ తాళం కింద ఉంటాయి. ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజున, సెటిల్‌మెంట్ చేసినంత ఖచ్చితంగా, వాళ్లు చూసిన పార్టీల పాస్‌వర్డులు మార్చండి. ఓటీపీల కోసం ఒక పాత ఫోన్ బల్ల మీద అందరికీ అందుబాటులో ఉంటుంది చూశారా, దానికి స్క్రీన్ లాక్ పెట్టండి. ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి చేశారు. ఆ రెండో తాళంచెవి కూడా బల్ల మీదే పడి ఉంటే పెట్టిన ప్రయోజనం లేదు.

ఆధార్ జిరాక్సులు, వేలిముద్రలున్న డాక్యుమెంట్ల స్కాన్లు ఏం చేస్తారులే అనుకోకండి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్లలోని వేలిముద్రలనుంచి నకిలీ ముద్రలు తయారుచేసి, సిమ్ కార్డులు యాక్టివేట్ చేస్తూ దొరికిపోయాడు. అతను ఏ కంప్యూటర్‌లోకీ దొంగగా చొరబడలేదు. ఆ డాక్యుమెంట్లు వెబ్‌సైట్‌లో దొరుకుతుండేవి, దించుకున్నాడు. పని అయిపోయిన స్కాన్లు తీసేయండి. ఆధార్ అడగాల్సి వస్తే, వీలున్న చోటల్లా, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు డిస్కు ఊడదీసి ఉంచుకోండి. మామూలు క్విక్ ఫార్మాట్ కొట్టినంత మాత్రాన హార్డ్ డిస్కులోది పోదు, నా దగ్గరికి తెస్తే చాలావరకు నేనే తిరిగి తీయగలను. నేను తీయగలిగితే ఇంకొకరూ తీయగలరు.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. కొన్ని ఆఫీసుల్లో విండోస్ 7 ఇంకా ఉంది, దానికి 2020 జనవరిలోనే అయిపోయింది. అప్‌డేట్లు పని మధ్యలో విసిగిస్తాయి, నిజమే. కానీ 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు, దాన్ని ఆపే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోని కంప్యూటర్లు పడిపోయాయి. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లకే ఆ దెబ్బ తగిలింది. డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే క్రాక్ సాఫ్ట్‌వేర్ మాత్రం దయచేసి వేయించుకోకండి, నన్ను వేయమని అడగకండి. యాంటీవైరస్ ఆపేసి ఈ ఫైలు నొక్కండి అని చెప్పే ఏ ప్రోగ్రాము అయినా మీ చేత మీ తలుపు తీయిస్తోందన్నమాటే. రాన్సమ్‌వేర్‌లో ఒక పెద్ద జాతి ఎక్కువగా వ్యాపించింది ఈ క్రాకుల వల్లే.

ఎంత జాగ్రత్త పడ్డా ఒక రోజు ఆ తెల్లకాగితాలు కనిపిస్తే, ముందు నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, మిగతా కంప్యూటర్లనుంచి ఆ యంత్రాన్ని విడదీయండి. కంగారులో ఫార్మాట్ కొట్టకండి. బ్యాకప్ డిస్కు తెచ్చి అప్పుడే తగిలించకండి, అదీ పోతుంది. స్క్రీన్‌ను, చీటీని ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలూ సంస్థలూ ఇలాంటి సంఘటనలను తెలిసిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. తాళం పడిన ఫైళ్లు పారేయకండి. నో మోర్ రాన్సమ్ అని యూరప్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన ఉచిత సైటు ఉంది. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళంచెవులు అక్కడ దొరుకుతాయి, ఇవాళ లేనిది ఏడాదికి రావచ్చు. ఆ ఫోన్ చేసిన ఆపరేటర్‌ను మాత్రం తిట్టకండి. తిడతారని భయపడితే రేపు ఇంకొకరు రెండు గంటలు ఆలస్యంగా చెబుతారు. ఆ రెండు గంటల్లో మిగతా కంప్యూటర్లు కూడా పోతాయి.

ఇదంతా ఒక్కొక్కరికి కాక అందరికీ కలిపి రాయడానికి ఇంకో కారణం ఉంది. టోకెన్ మీ దగ్గరే పెట్టుకోండి అని ఒక ఆఫీసు చెబితే ఆ పార్టీ పక్క మేడ మీదికి వెళ్లిపోతాడు. ఆ భయం మీకుందని నాకు తెలుసు, అది నిజమైన భయమే. మీ ప్రాక్టీషనర్ల సంఘం మొత్తం ఒక మాట మీద నిలబడితే ఆ భయం ఉండదు. టోకెన్లు పార్టీల దగ్గరే ఉంటాయని, తప్పనిసరై ఉంచుకున్నా రసీదు రాసి, పిన్ మార్పించి, తాళం వేసిన బీరువాలోనే ఉంచుతామని ఒక తీర్మానం చేయండి. దాన్ని ప్రింటు తీసి ప్రతి ఆఫీసులో గోడకు అంటించండి. వచ్చిన పార్టీకి అది చూపిస్తే చాలు. అలాగే ఎవరికైనా ఇలాంటి దెబ్బ తగిలితే, పేరు లేకుండా అయినా సరే, ఎలా వచ్చిందో మిగతావాళ్లకు చెప్పే పద్ధతి పెట్టండి. ఆ పెద్దాయనకు జరిగినట్టే అదే నెలలో ఇంకో ఆఫీసుకు జరిగిందని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. పరువు పోతుందని ఇద్దరూ దాచుకున్నారు. మొదటి వారం చెప్పి ఉంటే రెండోది ఆగేదేమో.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. అసలు బాధ్యతలు మొదలవడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. భద్రత చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చని ఆ చట్టంలో ఉంది. మనలాంటి చిన్నవాళ్లను ఆ అంకెతో భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గడువు ఉండగా మొదలుపెడితే సర్దుకోవడం తేలిక, అంతవరకే.

వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం మీటింగు ఉంటుందని విన్నాను. ఒక గంట నాకు ఇవ్వండి. ట్యాలీ తప్ప ఇంకేమీ లేని ఖాళీ ల్యాప్‌టాప్‌లు రెండు తెస్తాను. మీరు మీ బ్యాకప్ డిస్కు తీసుకురండి. ఎవరి పార్టీల వివరాలు ఎవరికీ కనపడకుండా పక్క గదిలో, ఒక్కొక్కరిదీ రిస్టోర్ చేసి చూద్దాం. అయ్యాక ల్యాప్‌టాప్‌లోది మీ ముందే తుడిచేస్తాను. దీనికి డబ్బులేమీ అక్కర్లేదు. నిన్నటి ఓచరు కనిపించినవాళ్లు హాయిగా ఇంటికి వెళ్లండి. కనిపించనివాళ్ల ఆఫీసులకు సోమవారం నుంచి వరసగా నేనే వస్తాను, ముందుగా ఇరవయ్యో తారీఖు పని ఎక్కువున్న వాళ్ల దగ్గరికి.

ఇట్లు,
మీ కంప్యూటర్లు బాగుచేసే మనిషి
విజయవాడ